సాయంత్రపు కొలత

ఆవిడ చెప్పుల కొట్టుకెళ్ళి "అమ్మా, పట్టీ ఊడింది, ఓ మేకు కొట్టిపెట్టు" అన్నారనుకోండి, అయిపోయారే! మిమ్మల్ని పైనుంచి కిందకి ఓ చూపు చూస్తుంది. "మేకులు గోడలకి కొడతారండీ, కాళ్ళకి కాదు" అంటుంది. ఆ తర్వాత చెప్పు మీ చేతిలోంచి లాక్కుని, దారంతో కుట్టి, జిగురు పూసి, అది ఆరేదాకా మిమ్మల్ని ఉత్తకాళ్ళతో బల్ల మీద కూచోబెడుతుంది. ఊరు ఊరంతా ఆవిడకి మేకుల్లేనమ్మ అని పేరు పెట్టింది. మొహం మీద అనేవాళ్ళు కొందరు, చాటున అనేవాళ్ళు అందరూనూ.

పుట్టింట్లో ఆవిడ తోలు వాసన ఎరగదు. వాళ్ళ నాన్న అచ్చాఫీసులో అక్షరాలు పేర్చేవాడు. పంతొమ్మిదో ఏట లారీ డ్రైవర్ని చేసుకుని ఈ ఇంటికొచ్చింది. ఆ మొగుడు నెలకి ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటాడు కాబట్టి ఈ కథలో ఆయన పాత్ర ఇంతటితో సరి. కొట్టు అత్తగారిది. కొత్త కోడలు గుమ్మంలో అడుగు పెట్టగానే ఆ మహాతల్లి అన్న మొదటి మాట, "చదువుకున్నావుట కదా, ఈ సూదిలో దారం ఎక్కించు చూద్దాం" అని. పిల్ల మూడుసార్లు తప్పి నాలుగోసారి ఎక్కించింది. "పర్లేదు, పనికొస్తావు" అంది అత్తగారు. ఆవిడ నోటి నుంచి అంతకు మించిన మెచ్చుకోలు మళ్ళీ పదేళ్ళ దాకా రాలేదంటే నమ్మండి.

ఆ కొట్టుకో పద్ధతుంది. పొద్దున కుట్టుపని, సాయంత్రం నాలుగు దాటాక కొలతలు. పొద్దున్నే ఎవరైనా వచ్చి కాలు చాపితే "నాలుగయ్యాక రండి" అని పంపించేసేవారు, ఎంత గొప్పవాళ్ళయినా సరే. కొలవడానికి టేపు లేదు, దారమే. పాదం చుట్టూ దారం తిప్పి, వేళ్ళ దగ్గర ఓ ముడి, మడమ దగ్గర ఓ ముడి వేసి, చీటీ కట్టి గోడకున్న కొయ్యకి తగిలించేవారు. ఊళ్ళో సగం మంది పాదాలు ఆ గోడ మీద వేలాడుతూ ఉండేవి. కోడలు ఒకసారి ఉండబట్టలేక అడిగింది, "సాయంత్రమే ఎందుకు కొలవాలి అత్తయ్యా?" అని.

"మా మామగారు అలా చేసేవారు. ఆయన్ని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. నన్నడిగే ధైర్యం నీకెక్కడిదే?" అంది అత్తగారు. అంతటితో ఆ ముచ్చట ముగిసింది.

ఇక మేకు సంగతి. పదకొండేళ్ళ కిందట, బళ్ళు తెరిచే రోజులు. కొట్టు నిండా పిల్లల బూట్లు, ఊపిరి సలపని పని. అప్పుడే అత్తగారి కుడి చెప్పు మడమ దగ్గర ఊడింది. కుట్టడానికి తీరిక లేక కోడలు ఓ చిన్న మేకు కొట్టి ఇచ్చేసింది. దాని మొన లోపలికి లేచింది. అత్తగారికి అప్పటికే షుగరు, పాదాలకి స్పర్శ లేదు. రెండు రోజులు ఆ మొన మీదే నడిచింది, తెలిస్తేనా! పుండు పడింది, ముదిరింది, చివరికి చీలమండ పైదాకా కాలు తీసేయాల్సి వచ్చింది. ఆసుపత్రి నుంచి తెచ్చిన ఆ చెప్పులోంచి మేకు పీకి, కోడలు ఓ రేకు డబ్బాలో వేసి బట్టల అడుగున దాచింది. ఎవరికీ చెప్పలేదు. అత్తగారూ అడగలేదు. కానీ ఆ రోజు నుంచి ఆవిడ సూది ముట్టుకోలేదు. చెక్క కాలు పెట్టిస్తామంటే "పుట్టినప్పుడు ఇచ్చిందే నిలబెట్టుకోలేకపోయాను, అరువు కాలెందుకు నాకు" అని కొట్టిపారేసింది. చంక కింద కర్రతో కొట్టులో కుర్చీ దాకా, కుర్చీ నుంచి మంచం దాకా, అంతే. ఇదంతా తన మీద కోపమేనని కోడలు అనుకుంది. అనుకుని, తేలు కుట్టిన దొంగలా పదకొండేళ్ళు నోరు మూసుకుంది.

నోరు మూసుకుంది గానీ చేతులు ముడుచుకోలేదు. రోజూ సాయంత్రం ఆరింటికి అత్తగారి ఎడమ పాదం ఒళ్ళో పెట్టుకుని, కింద చేతి అద్దం పట్టి, అరికాలూ వేళ్ళ సందులూ వెతికేది. ఆ పాదం కోసం మేకు లేని, లోపల కుట్టు తగలని, వేళ్ళ దగ్గర వెడల్పుగా ఉండే మెత్తటి జోడు కుట్టింది. అది ఆసుపత్రి నర్సు కంట్లో పడింది. పాదాలకి స్పర్శ లేనివాళ్ళని ఆ నర్సు ఒక్కొక్కళ్ళనే పంపడం మొదలుపెట్టింది. ఒక్కరు పదిమందయ్యారు, పదిమంది రెండొందలయ్యారు. ఆవిడ కుట్టేది రోజుకో జత. నర్సు దగ్గర జాబితాలో ఉన్నవాళ్ళలో ఇద్దరికి, వంతు రాకముందే వేళ్ళు తీసేశారు. ఆ కబురు విన్నరోజు ఆవిడకి అన్నం సహించలేదు.

"అమ్మా, ఇలా రోజుకో జత కుడుతూ కూచుంటే ఎన్ని పాదాలని కాపాడతావు?" అంది కూతురు. పాలిటెక్నిక్ అయ్యి అప్పుడే ఇంటికొచ్చిన పిల్ల. "ఒక షెడ్డు కావాలి, చెప్పుల అడుగులు పోసే యంత్రం కావాలి, కుట్టేవాళ్ళు పదిమంది కావాలి. పెట్టుబడి సంఘాన్ని అడుగుదాం."

ఈ సంఘం గురించి చెప్పాలి. బస్సులు నడిపినవాళ్ళు, పాఠాలు చెప్పినవాళ్ళు, దర్జీలు, కొట్లవాళ్ళు, చుట్టుపక్కల నాలుగూళ్ళ జనం తలో కాస్తా వేసుకుని పెట్టింది. అప్పివ్వరు, వాటా తీసుకుంటారు. లాభమొస్తే అందులో పాలు, నష్టమొస్తే అందరూ కలిసి నెత్తిన చెయ్యి పెట్టుకుంటారు. రెండే షరతులు: చేసేది ఇక్కడి జనానికి పనికి రావాలి, పని ఇక్కడివాళ్ళకే దొరకాలి. సంఘం పెద్ద ఓ రిటైరైన బస్సు కండక్టరు. మొదట్లో వీళ్ళు దానంతటదే తెరుచుకునే గొడుగుకి పెట్టుబడి పెట్టారు, పది నిమిషాలు చూసి ముచ్చటపడి. ఆ గొడుగు కిక్కిరిసిన బస్సులో దానంతటదే తెరుచుకుంది. కండక్టరు గారి కళ్ళజోడు పగిలింది. ఆ రోజు నుంచి సంఘానికో రూలు వచ్చింది: ఏ వస్తువైనా పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా రోజంతా వాడి చూశాకే చేతులెత్తాలి.

అందుకని ఇరవైమందికి ఇరవై జతలు చేసివ్వమన్నారు. కండక్టరు గారికీ షుగరే కాబట్టి ఆయన ఒకరు, అత్తగారు ఒకరు, మిగతావాళ్ళని నర్సు ఎంచింది. ఆసుపత్రిలో పాదాల వైద్యం మంగళవారం పొద్దున మాత్రమే. ఇరవైమందీ ఒకచోట దొరుకుతారు కదాని కూతురు అక్కడికే వెళ్ళి, కాగితం మీద నిలబెట్టి గీసి, ఫొటోలు తీసి, కంప్యూటర్లో కొలతలు ఎక్కించింది. తల్లి పక్కనే ఉంది. ఎంత చక్కగా చేస్తోందో నా తల్లి అని మురిసిపోయింది కూడా.

నెల తిరిగేసరికి జోళ్ళు తయారు. ఓ బుధవారం పొద్దున్నే అందరికీ పంచారు. మర్నాడు పదింటికి సంఘం కొట్టుకే వస్తుంది, చేతులెత్తుతుంది, అయిపోతుంది. కూతురు షెడ్డు యజమానితో మాట్లాడేసింది కూడా. నెలాఖరులోగా ఖాయం చేయకపోతే ఇంకొకళ్ళకిచ్చేస్తానన్నాడాయన.

ఆ సాయంత్రం ఆరింటికి ఎప్పటిలాగే అద్దం తీసుకుని కూచుంది కోడలు. కొత్త జోడు విప్పింది. చిటికెన వేలు పక్కన ఎర్రగా ఓ గీత.

దాని మీద వేలు పెట్టింది. "అత్తయ్యా, ఇక్కడ నొప్పిగా ఉందా?"

"ఎక్కడే? నాకేం లేదు. హాయిగా ఉంది."

ఆ హాయే కదండీ కొంప ముంచేది! ఆ మేకు మీద నడిచిన రెండు రోజులూ ఆవిడ ఇదే మాట అంది. కోడలు కొయ్య మీంచి దారం లాగి పాదం చుట్టూ తిప్పింది. కూతురి కాగితం తెచ్చి పక్కన పెట్టింది. గోరంత తేడా. పాదం పెద్దదయింది. ఎలా అవుతుంది? మళ్ళీ కొలిచింది. మళ్ళీ అంతే. అప్పుడు తట్టింది ఆవిడకి. పొద్దున్నుంచీ నిలబడి, తిరిగి, కుర్చీలోంచి వేలాడి పాదం సాయంత్రానికి వాస్తుంది. అత్తగారి మామగారి కాలం నుంచి ఈ కొట్టులో సాయంత్రమే ఎందుకు కొలుస్తారో ఇప్పుడు తెలిసింది. కారణం మర్చిపోయి పద్ధతి మాత్రం పట్టుకున్నారు. ఆసుపత్రి గుమ్మం తొక్కగానే ఆ పద్ధతి కూడా వదిలేశారు. ఇరవై జతలూ పొద్దుటి పాదాలకి కుట్టినవే.

"ఇంకొకళ్ళెవరికీ తెలీదు కదమ్మా," అంది కూతురు, గొంతు తగ్గించి. "రేపు పదింటికి అందరి కాళ్ళూ మామూలుగానే ఉంటాయి. సంతకాలు అయ్యాక వెంటనే సరిచేసి ఇచ్చేద్దాం. మీటింగు తప్పితే మళ్ళీ ఆర్నెల్లకి గానీ పెట్టరు. షెడ్డు పోతుంది."

పిల్ల చెడ్డది కాదు. నోటి దాకా వచ్చింది జారిపోతుంటే ఎవరి బుద్ధయినా అలాగే ఆలోచిస్తుంది. నిజం చెప్పాలంటే తల్లి మనసు కూడా ఒక్క క్షణం అటే లాగింది. అంతలో కళ్ళముందు ఆ రేకు డబ్బా కదిలింది.

"వాళ్ళని పడుకునే దాకా వేసుకు తిరగమన్నాం. అప్పటికి ఎవరికో ఒకరికి చర్మం ఊడుతుంది. వాళ్ళకి తెలీదు, మనకి తెలుసు. తెలిసి ఊరుకుంటే నేనేం మనిషినే?"

కూతురు లేచింది. స్కూటరు తాళం తీసుకుంది. "పద," అంది.

గోనెసంచి పట్టుకుని ఇద్దరూ ఇల్లిల్లూ తిరిగారు. తిట్లు ఒకటా రెండా! "ఇన్నేళ్ళకి సుఖంగా నడిచానే తల్లీ, తీసుకోకు" అని ఒకామె బతిమాలింది. ఇంకొకాయన తలుపు గడియ వేసుకున్నాడు. కండక్టరు గారైతే వీధి అరుగు మీద కాళ్ళు ముడుచుకు కూచుని ససేమిరా అన్నారు.

"ఇచ్చిన టిక్కెట్టు వెనక్కి తీసుకుంటారుటమ్మాయ్ ఎక్కడైనా?"

"బాబాయ్ గారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను."

"పట్టుకో, జోళ్ళు మాత్రం వదల్ను."

పట్టుకుంది. పట్టుకుని రెండు జోళ్ళూ ఊడలాగి సంచిలో పడేసింది. ఆయన నోరు తెరిచేలోగా స్కూటరు సందు తిరిగింది.

మర్నాడు పదింటికి సంఘం వచ్చింది. కండక్టరు గారు పాత చెప్పులతో, ముటముటలాడుతూ ముందు నడిచారు. వెనక సంఘంవాళ్ళు, పక్కన నర్సు, జోళ్ళు పోగొట్టుకున్న బాధితులు. కొట్టు చాలక వీధిలో నిలబడ్డారు. ఆవిడ గోనెసంచి మధ్యలో పెట్టి, అయిందంతా చెప్పింది. చెప్పాక లోపలికెళ్ళి రేకు డబ్బా తెచ్చింది. అందరి ముందూ మూత తీసింది.

"నిన్న సాయంత్రం ఎందుకు పరిగెత్తానంటే ఇందుకు. మా అత్తగారి కాలు తీసింది ఈ మేకు. కొట్టింది నేను. పదకొండేళ్ళుగా ఈ మాట నోటి దాకా వచ్చి ఆగిపోతోంది. ఇంకొకళ్ళ విషయంలో మళ్ళీ ఇలా నోరు మూసుకోలేను."

అందరూ కుర్చీలో ఉన్న అత్తగారి వైపు చూశారు. ఆవిడ కోడలి వైపు చూడలేదు, గోడ మీది దారాల వైపు చూస్తూ కూచుంది.

నర్సు గొంతు సవరించుకుంది. "పొద్దున్నే అందరి పాదాలూ చూసొచ్చాను. ఆరుగురికి ఎర్ర మచ్చలు పడ్డాయి. చర్మం ఎవరికీ చిట్లలేదు. రాత్రి దాకా ఉండుంటే మాత్రం నేను హామీ ఇవ్వలేను."

"అయితే ఈసారికి కుదరదనేగా?" అన్నాడు సంఘంలో ఒకాయన. "రూలు ప్రకారం రోజంతా వాడాలి. వాడలేదు."

"ఆగవయ్యా!" అన్నారు కండక్టరు గారు. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని ఊరందరికీ తెలుసు. "ముప్పయ్యేళ్ళు బస్సులో ఉన్నాను. బస్సు డిపోకి చేరకుండా ట్రిప్పు అయిపోయిందని ఏనాడూ రాయలేదు. రోజంతా వాడాలన్నాం. ఈవిడ వాడనివ్వలేదు. అంటే పరీక్ష పూర్తి కాలేదు. పూర్తికాని పరీక్షకి ఫెయిలు ఎలా వేస్తావు? మీటింగు ముగియలేదు, ఆగింది, అంతే. ఏమ్మాయ్, మళ్ళీ కుట్టడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

ఆవిడ లెక్క వేసుకునేలోపే కుర్చీలోంచి జవాబొచ్చింది.

"తొమ్మిది రోజులు," అంది అత్తగారు. "కొలతలు నేను తీస్తాను. ఈ సాయంత్రం నాలుగు దాటాక రండి. పొద్దున కాళ్ళు చాపితే ఊరుకోను."

పదకొండేళ్ళ తర్వాత అత్తగారు మళ్ళీ దారం పడతానంది!

ఆ తొమ్మిది రోజులూ ఆ ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలిగిందో లేదో గానీ సూదులు మాత్రం ఆగలేదు. అత్తగారు దారానికి ముడి వేస్తే మనవరాలు దాన్ని స్కేలు మీద పరిచి కంప్యూటర్లో ఎక్కించేది. "నానమ్మా, నీ ముడి అరమిల్లీ కూడా తప్పడం లేదు" అని ఆశ్చర్యపోయేది. "నీ పెట్టెకి చెప్పు, నా దగ్గర నేర్చుకోమను" అనేది ముసలావిడ. ఇరవై జతల్లో ఏడు ఆవిడే కుట్టింది. మేకు మాట మాత్రం ఎత్తలేదు. కోడలు రెండుసార్లు నోరు తెరిచింది, "దారం తెగుతుంది, మాట్లాడకు" అని రెండుసార్లూ నోరు మూయించింది.

తొమ్మిదో రోజు పొద్దున్నే జోళ్ళు పంచారు. మర్నాటి సాయంత్రం ఏడింటికి, మెలకువగా ఉన్నంతసేపూ వాడి, కొట్టు ముందు చేరారంతా. ఇకమీదట సంఘం మీటింగులన్నీ సాయంత్రమేనని కండక్టరు గారు రూలు మార్చేశారు. వీధి పొడుగునా బల్లలు వేసి, జోళ్ళు విప్పించి, నర్సు దీపం, అద్దం పట్టుకుని ఒక చివర మొదలుపెట్టింది. ముప్పై తొమ్మిది పాదాలు. ఒక్కో పాదం దాటుతుంటే కోడలికి ఒక్కో ఏడు దాటినట్టుంది. చివరి పాదం అత్తగారిది. నర్సు అద్దం అటు తిప్పింది, ఇటు తిప్పింది, లేచి నిలబడింది.

"ఒక్క మచ్చ లేదు," అంది. "ముప్పై తొమ్మిదిలో ఒక్కటంటే ఒక్క మచ్చ లేదు!"

చేతులు లేచాయి చూడండి! ఓటున్న సంఘంవాళ్ళవి తొమ్మిదే లేవాలి. వీధిలో ఉన్న ప్రతివాడూ ఎత్తాడు. ఎదురింటి మేడ మీంచి చూస్తున్నవాళ్ళు ఎత్తారు. కండక్టరు గారు లెక్కపెట్టబోయి మానేసి, ఈల వేశారు, బస్సు బయల్దేరేటప్పుడు వేసే ఈల. కూతురు అమ్మని వాటేసుకుని గిరగిరా తిప్పేసింది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఆవిడ రచ్చ గెలిచింది. ఇంట్లో మాత్రం ఇంకో మాట మిగిలి ఉంది.

సంతకాలయ్యి జనం పల్చబడ్డాక అత్తగారు చెయ్యి చాపింది. "ఆ డబ్బా ఇలా ఇయ్యి."

మేకు తీసి అరచేతిలో పెట్టుకుంది. "నువ్వు కొట్టావని నాకు ఆ రోజే తెలుసే. కొట్టి ఇచ్చాక, లోపల చెయ్యి పెట్టి తడిమి, బాగానే ఉందని వేసుకుంది నేను. ఊళ్ళో చెప్పులన్నీ తడిమిన చెయ్యి ఇది. నా చెప్పులో మొన దీనికి అందలేదు. ఆ సిగ్గుతో సూది వదిలేశాను. నీ మీద కోపంతో కాదు."

"పదకొండేళ్ళు అత్తయ్యా!" కోడలికి ఏడుపూ కోపం కలిసి తన్నుకొచ్చాయి. "ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"నువ్వు చెప్పావా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు నవ్వింది ఎవరో కూతురు ఈనాటికీ తేల్చి చెప్పలేదు. నవ్వీ నవ్వీ కోడలు అత్తగారి ఒళ్ళో తలపెట్టి ఏడ్చేసింది. ముసలావిడ వీపు నిమురుతూ, ఇంకో చేత్తో ఆ మేకుని వీధిలోకి విసరబోయి, ఎవరి కాల్లోనైనా దిగుతుందని గుర్తొచ్చి మళ్ళీ డబ్బాలో వేసి మూత పెట్టింది.

"ఇదిగో, లే," అంది. "షెడ్డులో పదిమంది కుడతారట. ప్రతి జతా నా చెయ్యి తిరిగాకే గుమ్మం దాటాలి. కర్ర వేసుకుని వాళ్ళ వెనక ఎక్కడ తిరగను? సోమవారం నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళు, ఆ అరువు కాలేదో పెట్టించుకుంటాను. నాకు కుడి జోడు కూడా కుట్టు."

కోడలు కళ్ళు తుడుచుకుంటూ గభాలున లేచి దారం అందుకుంది. "అయితే సోమవారం సాయంత్రం నాలుగయ్యాక..."

"పిచ్చిమొహమా," అంది అత్తగారు. "చెక్క కాలే అది. పొద్దున్నే కొలుచుకో, వాయదులే."